సుధామణి తీసేసినా పోని ఊరు

మా భోపాల్‌పట్నంలో వాన ముసురు పట్టిందంటే అందరి నోటా ఒకటే ప్రశ్న: దారి ఉందా? నేను గొడుగులూ బరకాలూ అమ్ముకునేవాణ్ణి కాబట్టి దుకాణం మెట్టెక్కిన ప్రతివాడూ ముందు ఆ మాట నన్నే అడిగేవాడు. వాగులకూ నాకూ ఏం సంబంధం? అయినా ఏదో ఒకటి చెప్పకపోతే బేరం చేయకుండానే దిగిపోయేవారు. పక్క దుకాణంలోకి సుధామణి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదిలి ఆమెను పట్టుకుంది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, ఆమెకు ఊపిరాడలేదు.

సుధామణి పుట్టిల్లు కోంటా. షావుకారు కాశయ్య కోడలిగా ఇక్కడికి వచ్చింది. మగడు గోపీ లారీ వేసుకుని జగదల్‌పూర్, రాయ్‌పూర్ తిరుగుతుంటాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఈమె ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కనక మామగారిని ఒప్పించి, నా గోడకు ఆనుకుని ఉన్న గదిలో చాయిస్ సెంటర్ పెట్టింది. ఆధార్ పనులు, కుల ధ్రువపత్రాలు, పింఛను దరఖాస్తులు, రైలు టికెట్లు అన్నీ అక్కడే. కంప్యూటర్‌ను హిందీలో తిడుతుంది, మనుషులను తెలుగులో తిడుతుంది, సంతలో బేరం మాత్రం గోండీలో ఆడుతుంది. ఎవరి మాటా పడదు. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది, కానీ ఆ పిలుపులో భయమూ లేదు, భక్తీ లేదు.

ఆమె దుకాణానికి ఎదురుగానే జీపుల అడ్డా. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. బయల్దేరే జీపు దగ్గర నిలబడి ఊళ్ల పేర్లు అరుస్తారు కదా, ఆ అరుపు దారి వరసలోనే సాగుతుంది: తాటిమడుగు, ఏర్కగూడెం, కొత్తగుంపు, మద్దిగూడ, పోతులంక. వాగు వచ్చి ఏదైనా ఊరికి దారి మూసుకుంటే ఆ పేరు ఆ రోజు ఎవరూ నోట పలకరు. బంద్ అని కూడా అనరు, అంటే ఆ రోజు బోణీ చెడుతుందని వాళ్ల పట్టింపు. తన ఊరి పేరు వినపడనివాడు మూట ఎత్తుకుని చుట్టాలింటికి పోతాడు. అంతే, అడగడాలూ చెప్పడాలూ లేవు.

సుధామణి అదే పద్ధతిలో ఫోనులో చూసుకునే ఒక పేజీ తయారుచేసింది. కంప్యూటర్ చదువు జగదల్‌పూర్‌లో కొంత, హిందీ వీడియోల్లో మిగతాది నేర్చుకుంది. పేజీ తెరిస్తే ఊళ్ల పేర్లు దారి వరసలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పేరు ఉంటే వెళ్లవచ్చు, లేకపోతే లేదు. మూసిన ఊరి పక్కన ఎర్ర గుర్తు పెట్టమని కాశయ్య చెప్పాడు. ఊళ్లను బడి హాజరుపట్టీలో లాగా అక్షరాల వరసలో పెట్టమని కూడా చెప్పాడు. ఆమె రెండూ వినలేదు. జీపులవాళ్లు ఎలా అరుస్తారో జనం అలాగే చూసుకుంటారు మామా, అంది. నేనూ ఆమెనే సమర్థించాను. అందులో ఏం తప్పుందో నాకు ఈనాటికీ బోధపడలేదు.

అది పనిచేసే తీరు ఆమె చెప్పగా నాకు ఎక్కినంత వరకు ఇది. పొద్దున్నే ఒక్కో ఊరి నుంచి ఎవరో ఒకరు ఫోను చేసి వాగు సంగతి చెబుతారు. మూసిన ఊరికి ఆమె తన కంప్యూటర్‌లో టిక్కు పెడుతుంది. ఎవరైనా ఫోనులో పేజీ తెరిచినప్పుడు ముందు ఊళ్లన్నీ వస్తాయి. వాటితో పాటే, ఏం చేయాలో రాసిపెట్టిన ఒక చిన్న స్క్రిప్టు కూడా వస్తుంది. అది చూసేవాడి ఫోనులోనే కూర్చుని, ఆ ఊళ్లన్నిటినీ ఒక గుంపుగా పట్టుకుని, మొదటి నుంచి చివరికి ఒక్కొక్కటే చూస్తూ, టిక్కు ఉన్న ఊరిని తీసి పారేస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. మనకు కనిపించేది తీసేయగా మిగిలిన ఊళ్లే.

కొత్తగుంపు నుంచి ఫోను చేసేది దేవే. ఆ ఊరి మితానిన్, అంటే జ్వరానికి మాత్ర ఇచ్చి, కాన్పులకు ఆస్పత్రికి తోడు వచ్చే మనిషి. ఎవరి పింఛను కాగితాలో పట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు, పేరు తప్పు పడిందని ఇద్దరూ బాగా వాదులాడుకున్నారు. ఆ తర్వాత ఎలా కలిసిందో తెలియదు, దేవే ఊళ్లోకి వస్తే సుధామణి దగ్గరే అన్నం తినేది. తన ఫోను ఇక్కడే ఛార్జింగు పెట్టుకునేది. అక్కా అని పిలిచేది. సుధామణి ఆ పిలుపుకు పొంగిపోవడం నేను కళ్లారా చూశాను.

వానాకాలం మొదట్లో పేజీ చక్కగా పనిచేసింది. తర్వాత, చవక ఫోన్లలో తెరుచుకోవడానికి ఆలస్యమవుతోందని జీపులవాళ్లు సణగడం మొదలుపెట్టారు. సుధామణి ఏదో వీడియో చూసి, స్క్రిప్టులో ఊళ్లను గుంపుగా పట్టుకునే మాట ఒకటి మార్చింది. ఇలా పిలిస్తే తొందరగా పలుకుతాయట అని నాకు చెప్పింది. ఆ గుంపుకు పాత పద్ధతి కుదరకపోవడంతో, ఒకటో చోటు, రెండో చోటు అని లెక్కపెట్టుకుంటూ వెళ్లే పద్ధతి రాసింది. ఒక ఊరికి టిక్కు పెట్టి చూసింది, పోయింది. ఇంకో ఊరికి పెట్టి చూసింది, అదీ పోయింది. సంతోషించి నాకు టీ తెప్పించింది.

గందరగోళం పోతులంకతో మొదలైంది. గట్టి వాన పడిన ఒక రోజు మద్దిగూడ పేరు పోయింది, దాని అవతలి పోతులంక మాత్రం పేజీలో దర్జాగా నిలబడింది. మద్దిగూడ దాటకుండా పోతులంకకు ఎవరూ పోలేరు. జనం ఊరుకుంటారా, పడవ మొదలుపెట్టి ఉంటారన్నారు. సాయంత్రానికి ఆ పడవను కళ్లతో చూసినవాళ్లు కూడా తయారయ్యారు. నేనూ నమ్మాను. సుధామణి పోతులంకకు ఫోను చేస్తే, బడి మెట్ల దాకా నీళ్లున్నాయి, పడవా లేదు గిడవా లేదు అన్నారు. తన కంప్యూటర్ చూసుకుంటే పోతులంకకు టిక్కు ఉంది. ఫోనులో చూస్తే పోతులంక ఉంది.

ఆమె నా దుకాణంలోకి వచ్చి నా ఫోను లాక్కుంది. పోతులంక కనబడుతుందా అని అడిగింది. కనబడుతోందన్నాను. వెళ్లి ఏదో చేసి వచ్చి, ఇప్పుడో అంది. చూస్తే లేదు. ఏం చేశావమ్మా అంటే, పోతులంకను ముట్టుకోనే లేదు, మద్దిగూడ టిక్కు తీసేశానంది. మద్దిగూడకు దారి తెరిస్తే పోతులంకకు ఎందుకు మూసుకుంటుంది? మళ్లీ టిక్కు పెట్టింది, మద్దిగూడ పోయి పోతులంక వచ్చింది. నాకు నవ్వొచ్చింది గానీ ఆమె మొహం చూసి మింగేశాను.

నెట్‌వర్క్ అనుకుంది. ఫోను మార్చింది. పాత పేజీ ఫోనులో ఇరుక్కుని ఉంటుందని అందరి ఫోన్లలోంచీ దాన్ని తుడిపించింది. ఒక్కొక్క ఊరినీ విడిగా పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే పోతున్నాయి. కాశయ్య అయితే కోడలు దారి వరస రాసి వాగులకు కోపం తెప్పించిందని తేల్చేశాడు. ఇంతలో వాన తెరిపిచ్చింది, వాగులు దిగాయి, టిక్కులన్నీ పోయాయి. పేజీ మళ్లీ బుద్ధిగా కూర్చుంది. అనుమానం ఉంటే ఫోను చేయండని తలుపు మీద కాగితం అంటించి, సుధామణి తన పనిలో పడింది. మనసులో ముల్లు మాత్రం ఉండిపోయింది. అన్నం తింటూ కూడా మద్దిగూడ, పోతులంక అని గొణుక్కునేది.

మళ్లీ ముసురు పట్టిన రోజుల్లో కొత్తగుంపులో జ్వరాలు మొదలయ్యాయి. దేవే దగ్గర మాత్రలు అయిపోయాయి. ఆమె కూతురు, ఇంకా బడికి పోని పిల్ల, అదీ జ్వరంతో పడి ఉంది. పిల్లను ముసలి తల్లికి అప్పగించి, దేవే తెల్లవారుతూనే బయల్దేరింది. నడుం లోతు నీళ్లలో వాగు దాటి, ఇవతల సిగ్నల్ అందే చోటి దాకా నడిచి సుధామణికి ఫోను చేసింది. నేను దాటిన వెనక ఇంకెవరూ దాటలేరు, బంద్ పెట్టు అక్కా అని చెప్పింది. సుధామణి కొత్తగుంపుకు టిక్కు పెట్టింది. కాసేపటికి ఏర్కగూడెం నుంచి కూడా బంద్ కబురొచ్చింది. దానికీ పెట్టింది. తర్వాత పింఛను కాగితాల పని మీద తహసీల్ ఆఫీసుకు వెళ్లింది.

దేవే ఆస్పత్రిలో మాత్రలు తీసుకుని మధ్యాహ్నానికి అడ్డాకు వచ్చింది. సుధామణి దుకాణం తాళం వేసి ఉంది. జీపు నడిపే హుంగా తన ఫోను తెరిచి చూపించాడు. తాటిమడుగు ఉంది, ఏర్కగూడెం లేదు, కొత్తగుంపు ఉంది. ఏర్కగూడెం వాగును తప్పించి చుట్టూ తిరిగి కొత్తగుంపు వైపు పోయే అడవి బాట ఒకటి ఉంది. సుధామణి ఏర్కగూడెం తీసేసి కొత్తగుంపు ఉంచిందంటే ఆ బాట బాగుందని తెలిసే ఉంచి ఉంటుంది, అన్నాడు హుంగా. వాడి లెక్కలో వంక లేదు. దేవే కాసేపు ఆ పేరునే చూస్తూ నిలబడింది. తర్వాత సంచీ గుండెకు హత్తుకుని జీపెక్కింది. నేను ఎవరికో బరకం కొలుస్తూ అది చూశాను. పేజీ నేనూ చూశాను కనక నాకూ ఏ అనుమానమూ రాలేదు.

సుధామణి తిరిగి వచ్చి, తాళం తీయకముందే ఫోను చూసుకుంది. అక్కడ కొత్తగుంపు. తన చేత్తో తీసేసిన ఊరు. దేవే వచ్చిందా బాబాయ్ అని అడిగింది. హుంగా జీపులో వెళ్లిపోయిందని చెప్పాను. హుంగాకు చేస్తే కలవలేదు, దేవేకు చేస్తే కలవలేదు. ఆ బాటలో ఎక్కడా సిగ్నల్ ఉండదని తెలిసి కూడా చేస్తూనే ఉంది. వెంట ఇంకో జీపు పంపుదామంటే ఆ వానలో ఎవరూ కదలలేదు. ముందు పేజీ మొత్తం తీసేసింది. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంది. కాశయ్య అన్నానికి పిలిచినా లేవలేదు.

తప్పు అప్పుడే దొరికింది. స్క్రిప్టును ఒక్కో అడుగుకూ ఆగి, తను ఏ చోట ఉందో, అక్కడ ఏ ఊరుందో చెప్పేలా మార్చింది. రెండో చోట ఏర్కగూడెం అంది, తీసేసింది. తర్వాత మూడో చోట అంటూ మద్దిగూడ పేరు చెప్పింది. కొత్తగుంపు పేరే ఎత్తలేదు. సుధామణి గుడ్లప్పగించి చూసి, నన్ను పిలిచి, హుంగా జీపు గుర్తు తెచ్చుకో అంది. కిక్కిరిసిన సీటులో ఒకడు దిగితే మిగతావాళ్లు జరుగుతారు కదా. రెండో చోటువాడు దిగాడు, మూడోవాడు రెండో చోటికి జరిగాడు. చార్జీ వసూలు చేసేవాడు రెండో చోటు అయిపోయిందనుకుని మూడో చోటు చూశాడు. జరిగి కూర్చున్నవాణ్ణి అడిగినవాడే లేడు.

నాకు కాస్త వెలుగొచ్చింది. మూసిన ఊళ్లు విడివిడిగా ఉంటే తప్పు రాదు, పక్కపక్కన ఉంటేనే రెండోది మిగిలిపోతుంది. ఒక దారిలో ఊళ్లు మూసుకునేటప్పుడు పక్కపక్కవే మూసుకుంటాయి. ఆమె పరీక్షించింది ఒక్కొక్కదాన్నే. మరి మొదట్లో ఎందుకు సరిగ్గా ఉందంటే, అప్పటి మాటతో పట్టుకున్న గుంపు ఫోటో లాంటిదట, పేజీలోంచి ఎవరు పోయినా అది కదలదట. కొత్త మాటతో పట్టుకున్న గుంపు ప్రాణమున్నదట, ఒకటి పోతే తనంతట తనే జరుగుతుందట. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయట. ఒక్కలాగే ఉన్నవి రెండు రకాలుగా ఎందుకు పెట్టారని అడిగాను. నాకూ అదే తెలియడం లేదంది. పాత మాట మళ్లీ రాసింది, ఏర్కగూడెం, కొత్తగుంపు రెండూ పోయాయి. పోవడం చూసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఏం చేయాలో తెలియక టీ తెచ్చి అక్కడ పెట్టాను.

జీపు అడవి బాటలో పిల్లవాగు లాంటి ఒక చిన్న ఒర్రె దాటి కొత్తగుంపు వాగు దగ్గరికి చేరిందట. వాగు నిండుగా పోతోంది. వెనక్కి తిరిగితే ఆ చిన్న ఒర్రె కూడా పొంగింది. అటూ ఇటూ కాకుండా మిట్ట మీద ఆ రాత్రంతా ఉండిపోయారు. ఊరికంతటికీ మాత్రలు దేవే ఒళ్లో ఉన్నాయి. ఇంట్లో పిల్లకు జ్వరం ఎక్కి ఫిట్సు వచ్చాయి. ముసలమ్మ తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. మర్నాడు నీళ్లు తగ్గాక దేవే ఇంటికి చేరింది. పిల్ల బతికింది, కోలుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

తర్వాత దేవే మాత్రల కోసం మళ్లీ వచ్చింది. సుధామణి ఆమెను కూర్చోబెట్టి, తప్పు వాగుది కాదు, హుంగాది కాదు, తనదని చెప్పింది. గుంపు, జరగడం, ఫోటో, ప్రాణం అంటూ అంతా వివరించబోయింది. దేవే వింది. వింటున్న కొద్దీ ఆమె మొహంలో అయోమయం పెరిగింది. చివరికి మెల్లగా అంది:

"పొద్దుగాల బంద్ అని చెప్పింది నేనే గదా అక్కా. నడుం నీళ్లల్ల దాటి చెప్పిన. మళ్ల నీ ఫోన్ల ఊరి పేరు చూసి, నా కండ్లదే తప్పేమో అనుకున్న."

ఎదురు మాట ఎప్పుడూ నాలుక చివర ఉండే సుధామణి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

దేవే లేచి సంచీ తీసుకుంది. బయట మబ్బు పట్టి ఉంది. గడప దగ్గర ఆగి, ఎప్పటిలాగే అడిగింది.

"ఇయ్యాల దారి ఉన్నదా అక్కా?"

పేజీలో కొత్తగుంపు ఉంది. స్క్రిప్టు సరిచేసి పేజీ మళ్లీ పెట్టింది, పొద్దున కబురు కూడా వచ్చింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను తల ఊపబోయాను. సుధామణి ఫోను చూసింది, దేవేను చూసింది, ఉన్నదని అనలేకపోయింది. లేచి కంప్యూటర్ ఆపి, తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఎక్కడికమ్మా అంటే దారి చూసొస్తానంది. మన ఇంటి ఆడవాళ్లు ఆ అడవి ఊళ్లకు ఎప్పుడైనా పోయారా అని కాశయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నిజమే, షావుకార్ల ఇళ్ల కోడళ్లు అటు పోరు. సరుకు పోతుంది, మనుషులు పోరు. ఆమె వినిపించుకోకుండా హుంగా జీపులో దేవే పక్కన కూర్చుంది.

పొద్దువాలే వేళకు తిరిగి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. నా స్టూలు మీద కూలబడి నీళ్లడిగింది. పేజీ సరిగ్గానే ఉందా అని అడిగాను. సరిగ్గానే ఉందంది. వరసలో పక్కపక్కనే రాశావు కదా, ఏర్కగూడెం నుంచి కొత్తగుంపు దగ్గరేనా అని మాట కలిపాను.

"ఏం దగ్గర బాబాయ్. నడుమ అంతా అడవే," అంది. గ్లాసు కింద పెట్టింది. "ఆ రాత్రి కూసున్న జాగ దేవే చూపిచ్చింది. అక్కడికెల్లి చూస్తే వాగు అవతల వాళ్ల ఇల్లే. పిల్ల కాడ పెట్టిన దీపం తెల్లారేదాక కనవడ్డదంట."